డీజిల్ ఎస్‌యూవీకి హైవే మీద మైలేజీ పెంచుకోవడం ఎలా?

నగరంలో లీటరుకు 10, 11 వచ్చినా సర్దుకుంటాం కానీ హైవే ఎక్కాక కూడా 13 దాటకపోతే ఏం చేయాలి అని డీజిల్ ఎస్‌యూవీ ఉన్న పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అడిగినవారిలో చాలామందికి బండిలో లోపమేమీ లేదు. కొందరు మైలేజీని తప్పుగా కొలుస్తున్నారు, కొందరు వేగం విషయంలో తమను తాము మోసగించుకుంటున్నారు, కొద్దిమందికి మాత్రమే నిజంగా వర్క్‌షాపు అవసరం ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో క్రమం ముఖ్యం. ముందు కొలత, తరవాత ఖర్చు లేని పనులు, ఆ తరవాత నడిపే తీరు, అప్పటికీ ఫలితం లేకపోతేనే మెకానిక్.

ఉదాహరణలన్నీ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద, 2.2 లీటర్ల డీజిల్ ఇంజిను, ఆరు గేర్లు ఉన్న ఏడు సీట్ల బండిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. క్రెటా వంటి 1.5 లీటర్ల బండికి అంకెలు మెరుగ్గా ఉంటాయి, ఫార్చునర్ వంటి బరువైన బండికి తగ్గుతాయి. పద్ధతి మాత్రం మారదు.

1. ముందు కొలత సరిచూసుకోండి

డాష్‌బోర్డు తెరమీద కనిపించే సగటును నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు. అది ఇంజినులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న లెక్క నుంచి కట్టిన అంచనా, చాలా బండ్లలో అసలు కంటే ఎక్కువే చూపుతుంది. ట్యాంకు నిండా పట్టించి, తిరిగి నిండా పట్టించి చూసే పాత పద్ధతే నమ్మదగినది. అయితే దానిలోనూ పొరపాట్లకు చోటుంది.

డీజిల్ పోసేటప్పుడు నురగ వస్తుంది. నాజిల్‌ను పూర్తిగా నొక్కి వేగంగా పోస్తే ఆ నురగ తగిలి ఆటో కట్ ముందుగానే పడుతుంది, ట్యాంకులో ఇంకా రెండు మూడు లీటర్ల చోటు మిగిలిపోవచ్చు. నిదానంగా పోయమని చెప్పండి. మొదటి కట్ పడ్డాక ఒక నిమిషం ఆగితే నురగ అణుగుతుంది, అప్పుడు రెండో కట్ దాకా పోయించి ఆపేయండి. "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్?" అని బంకు కుర్రాడు అడుగుతాడు. వద్దని చెప్పండి, ఎందుకంటే ఆ చివరి నలభై రూపాయల డీజిల్ మీ లెక్కను పాడుచేస్తుంది. తిరిగి వచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండిని అదే దిశలో నిలిపి, అదే పద్ధతిలో పట్టించండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, విజయవాడ ఇరవై మీటర్ల దగ్గర ఉంది. కంటికి ఘాట్ రోడ్డు కనిపించకపోయినా 270 కిలోమీటర్ల దూరంలో బండి అర కిలోమీటరుకు పైగా దిగుతుంది. మనుషులు, సామానుతో కలిపి 2,200 కిలోల బండిని అంత ఎత్తు ఎక్కించడానికి ఇంజిను సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే సుమారు 0.9 లీటరు డీజిల్ అవుతుంది. దిగేటప్పుడు అంత మేరకు కలిసివస్తుంది, ఎక్కేటప్పుడు అంత మేరకు అదనంగా పోతుంది. ఈ లెక్కన వెళ్లేటప్పుడు 272 కిలోమీటర్లకు 17.8 లీటర్లు తాగి 15.3 ఇచ్చిన బండి, తిరుగు ప్రయాణంలో 276 కిలోమీటర్లకు 20 లీటర్లు తాగి 13.8 ఇస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. వెళ్లేటప్పటి అంకె చూసి మురిసినవారు, వచ్చేటప్పటి అంకె చూసి విజయవాడ డీజిల్‌ను తిట్టుకున్నవారు నాకు తెలుసు. రెండూ సరికావు. మొత్తం 548 కిలోమీటర్లను మొత్తం 37.8 లీటర్లతో భాగిస్తే వచ్చే 14.5 మాత్రమే మీ బండి మైలేజీ. బెంగళూరు ఇంకా ఎత్తున, దాదాపు 920 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి 44వ నంబరు రహదారి మీద తిరిగేవారు కూడా రానుపోను కలిపే కొలవాలి.

దూరాన్ని కూడా ఒకసారి సరిచూడండి. రోడ్డు పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లను 20 కిలోమీటర్ల పాటు ఓడోమీటరుతో పోల్చండి, లేదా ఫోనులో జీపీఎస్‌తో చూడండి. కంపెనీ ఇచ్చిన సైజు కాకుండా పెద్ద టైర్లు వేయించినవారికి ఇది తప్పనిసరి. 235/65 ఆర్17 స్థానంలో 265/65 ఆర్17 వేస్తే టైరు వ్యాసం 5 శాతానికి పైగా పెరుగుతుంది, అంటే బండి 100 కిలోమీటర్లు తిరిగితే ఓడోమీటరు 95 అనే రాసుకుంటుంది. మైలేజీ కొంత నిజంగానే తగ్గుతుంది, మిగిలినది లెక్కలో తగ్గినట్టు కనిపిస్తుంది.

కొలతకు చెక్‌లిస్టు:
- అదే బంకు, అదే పంపు, పంపు మీద సున్నా చూశాకే పోయించడం.
- నిదానంగా పోయించి రెండో కట్ దగ్గర ఆపడం.
- రానుపోను కలిపి కనీసం 400 కిలోమీటర్లు.
- ఎంతమంది ఎక్కారు, ఏసీ వాడారా, వాన పడిందా, ఏ వేగంలో నడిపారు అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం.
- అనుమానం ఉంటే బంకులో 5 లీటర్ల కొలపాత్రతో పరీక్ష అడగడం. అది వినియోగదారు హక్కు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి.

ఇప్పుడున్న పరిస్థితిలో, ఏమీ మార్చకుండా, మొదటి ప్రయాణం ఇలా కొలిచి పెట్టుకోండి. ఈ అంకె చేతిలో లేకుండా తరవాతి అడుగులు వేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

2. టైర్లు

డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. ఇద్దరు ప్రయాణిస్తే ఎంత గాలి, నిండు బండికి ఎంత గాలి అన్నది ముందు, వెనక చక్రాలకు విడివిడిగా దానిలో రాసి ఉంటుంది. ఏడుగురితో ఊరికి బయలుదేరుతూ ఇద్దరికి సరిపడే గాలితో వెళ్లడం మన దగ్గర సర్వసాధారణం.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చల్లగా అంటే బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. వంద కిలోమీటర్లు నడిచిన టైరులో ఒత్తిడి 4, 5 పీఎస్‌ఐ పెరిగి కనిపించడం సహజం. ఆ పెరుగుదల చూసి సూర్యాపేటలో గాలి తీయించేవారు ఉన్నారు. మర్నాడు పొద్దున ఆ టైరు తక్కువ గాలితో ఉంటుంది. వేసవిలో సరిచేసిన గాలి చలికాలానికి దానంతటదే తగ్గుతుంది కూడా, ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా. బంకుల్లోని గాలి యంత్రాలు అన్నీ ఒక మాట మీద ఉండవు కాబట్టి ఒక డిజిటల్ గేజ్ కొని బండిలోనే ఉంచుకోండి.

నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. వినడానికి ఇది చిన్న అంకె, అయితే 8 పీఎస్‌ఐ తక్కువతో తిరిగే బండ్లు తక్కువేమీ కాదు. అలాగని స్టిక్కరు మీది అంకె కంటే 5, 6 పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించి మైలేజీ రాబట్టాలని చూడవద్దు. తడిరోడ్డు మీద పట్టు తగ్గుతుంది, టైరు మధ్యభాగం ముందుగా అరుగుతుంది. నైట్రోజన్ వల్ల మైలేజీ పెరగదు. దాని ఉపయోగమల్లా గాలి కాస్త నెమ్మదిగా తగ్గడమే.

చక్రాలు నిలిచే కోణం, అంటే అలైన్‌మెంట్, చెడిందో లేదో తెలుసుకోవడానికి యంత్రమే అక్కరలేదు. ముందు టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటకు ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా జారి, మరోవైపు రంపంలా గీసుకుంటే చక్రం రోడ్డు మీద దొర్లడం మాని ఈడ్చుకుపోతోందన్న మాట. ఆ ఈడ్పుకు డీజిల్ మీరే పోస్తున్నారు. 10,000 కిలోమీటర్లకు ఒకసారి, లేదా పెద్ద గుంతలో పడ్డాక, అలైన్‌మెంట్ చేయించండి.

3. బండి మీద, బండి లోపల

హైవే వేగంలో ఇంజిను పనిలో పెద్ద భాగం గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ఎస్‌యూవీ అసలే ఎత్తూ వెడల్పూ ఉన్న పెట్టె. దాని మీద టాప్ క్యారియర్, దాని మీద టార్పాలిన్ కప్పిన సూట్‌కేసులు పెడితే హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం వరకు, వేగం ఇంకా పెరిగితే అంతకు మించి కూడా పడిపోవచ్చు. పండక్కి తప్పనిసరైతే పెట్టుకోండి, తిరిగి వచ్చిన రోజే విప్పి ఇంట్లో పెట్టండి. ఖాళీ క్యారియర్ కూడా గాలిని అడ్డుకుంటుంది. కొన్ని క్యారియర్లు 80 దాటాక ఈల వేస్తాయి, ఆ ఈల మీరు పోసిన డీజిలే.

ముందు భాగంలో బిగించిన క్రాష్ గార్డు గాలికి అడ్డు, బరువు, పైగా చట్టవిరుద్ధం. వీటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు తెలియజేసింది. మైలేజీ కోసం కాకపోయినా ఎయిర్‌బ్యాగులు సరిగ్గా పనిచేయడం కోసమైనా దాన్ని తీసేయించండి.

బండి కింద ఇంజినును కప్పి ఉండే ప్లాస్టిక్ పళ్లేన్ని కూడా వంగి చూడండి. స్పీడ్ బ్రేకరుకు తగిలి క్లిప్పులు ఊడి వేలాడుతుండవచ్చు, లేదా ఆయిల్ మార్చినప్పుడు తీసి తిరిగి బిగించకుండా వదిలేసి ఉండవచ్చు. గాలి బండి కింద నునుపుగా జారిపోవడానికే కంపెనీ దాన్ని పెట్టింది.

బరువు సంగతి దీని తరవాతే. చదునైన హైవే మీద, స్థిరమైన వేగంలో 50 కిలోల అదనపు బరువు వల్ల పెద్ద నష్టం లేదు, ఒక శాతం లోపే. డిక్కీలోని పాత సామాను తీయండి కానీ స్టెప్నీ, జాకీ తీసేసి మైలేజీ రాబట్టాలనుకోవద్దు.

4. బానెట్ కింద చూడవలసినవి

సర్వీసు సమయానికి చేయించారన్నంత మాత్రాన అన్నీ సరిగా ఉన్నాయని కాదు. హైవే మైలేజీని నేరుగా దెబ్బతీసేవి ఇవి.

ఎయిర్ ఫిల్టరు: ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువుకు ముందే పూడుకుపోతుంది. కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ మళ్లీ వాడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడి ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోలోకి దుమ్ము వెళ్తుంది. కొత్తది వేయించండి.

డీజిల్ ఫిల్టరు: దీని అడుగున నీరు చేరుతుంది. నీటి గుర్తు దీపం వెలిగితే ఆలస్యం చేయవద్దు. ఇంజెక్టర్లు పాడైతే అయ్యే ఖర్చుతో జీవితకాలం ఫిల్టర్లు మార్చుకోవచ్చు.

టర్బో గొట్టాలు: టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజినుకు వెళ్లే రబ్బరు గొట్టాలు ఐదారేళ్లకు పగులుతాయి. నా బండికి ఇదే జరిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నని ఈల, వెనక అద్దంలో నల్లని పొగ, మైలేజీ నెలనెలా తగ్గుదల. ఒక వర్క్‌షాపులో ఇంజెక్టర్లు మార్చాలని పెద్ద అంచనా రాసి ఇచ్చారు. వేరొక ముసలి మెకానిక్ బానెట్ తెరిచి, గొట్టాన్ని క్లాంపు దగ్గర రెండు చేతులతో వంచి చూపించాడు. వంచనిదే కనిపించని పగులు, దాని చుట్టూ తడి ఆయిల్‌కు అంటుకున్న దుమ్ము వలయం. గొట్టం మార్చిన వారానికే పాత మైలేజీ తిరిగి వచ్చింది. అందుకే గొట్టాలను వంచి చూడకుండా ఇంజెక్టర్ల మాట ఎత్తేవారిని నేను నమ్మను.

థర్మోస్టాట్: ఇంజినును చల్లబరిచే నీటి దారిని తెరిచి మూసే ఈ వాల్వు తెరుచుకునే ఉండిపోతే ఇంజిను ఎప్పటికీ తగినంత వేడెక్కదు. నగరంలో ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చి, హైవే మీద 90లో నడుస్తుంటే కిందికి జారడం దీని గుర్తు. ఇంజిను చల్లగా ఉందనుకొని కంప్యూటరు ఎక్కువ డీజిల్ పోయిస్తుంది, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు శుభ్రపడే పని కూడా ఆగిపోవచ్చు. చౌకైన భాగం, చాలాకాలం ఎవరూ అనుమానించని భాగం.

పట్టేసిన బ్రేకులు: హైవే మీద అరగంట నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి దూరంగా ఉంచి వేడిని పోల్చండి, రిమ్మును తాకవద్దు. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి.

ఇంజిన్ ఆయిల్: డీపీఎఫ్ ఉన్న బండికి యజమాని పుస్తకంలో రాసిన ప్రమాణం గల ఆయిలే పోయించాలి. బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కాకుండా ఇంకొకటి పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుపోతుంది, దాన్ని బండి తనంతట తాను కాల్చుకోలేదు.

5. బీఎస్6 బండి అయితే డీపీఎఫ్‌ను అర్థం చేసుకోండి

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 ప్రమాణాలతో డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ వచ్చింది. మసి నిండినప్పుడు ఇంజిను అదనంగా డీజిల్ పోసి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి, ఆ మసిని కాలుస్తుంది. ఆ పది, ఇరవై నిమిషాలు తక్షణ మైలేజీ బాగా పడిపోతుంది. ఇది లోపం కాదు.

గుర్తులు ఇవి: బండి ఆగినప్పుడు ఐడిల్ మామూలుకంటే కాస్త ఎక్కువగా ఉంటుంది, ఇంజిను ఆపేసినా ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అలాంటప్పుడు బండి ఆపకండి. 60కి తగ్గని వేగంలో, 2,000 ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, ఆ పని ముగిసేదాకా నడపండి. వారమంతా ఆఫీసుకు మూడు కిలోమీటర్లు తిప్పి, ప్రతిసారీ మధ్యలో ఆపేస్తే, శనివారం హైవే ఎక్కగానే ఆ మిగిలిపోయిన పని మొదలవుతుంది. మీరు మైలేజీ కొలిచేది సరిగ్గా ఆ రోజే. అందువల్ల కొలత ప్రయాణానికి ముందురోజు అవుటర్ రింగ్ రోడ్డు మీద అరగంట స్థిరంగా నడిపి రండి.

పదేపదే ఈ పని మధ్యలో ఆగితే కాలని డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ తగ్గాల్సింది పోయి గరిష్ఠ గీత దాటి కనిపిస్తే వెంటనే ఆయిల్ మార్పించండి. పొగలోని హానికర వాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం వాడే బండ్లలో ఆ ట్యాంకు ఖాళీ కానివ్వవద్దు. మైలేజీకి సంబంధం లేకపోయినా అది పూర్తిగా అయిపోతే బండి మళ్లీ స్టార్ట్ కాదు.

6. వేగం: అన్నింటికంటే పెద్ద అంశం

పై పనులన్నీ చేసి 120లో వెళ్తే సంపాదించినదంతా గాలిలో కలుస్తుంది. గాలి నిరోధం వేగం వర్గానికి (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే విలువకు) అనుగుణంగా పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే గాలి నెట్టే బలం 56 శాతం పెరుగుతుంది, 100 నుంచి 120కి వెళ్తే మరో 44 శాతం. టైర్ల నిరోధం అంతగా మారదు కాబట్టి మొత్తం భారం అంత పెరగదు, అయినా 100కూ 120కీ మధ్య లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు పోవడం పెద్ద ఎస్‌యూవీలో మామూలే.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. హైదరాబాద్–విజయవాడ మధ్య టోల్‌గేట్లు, ఊళ్లు, లారీల రద్దీ పోను స్వేచ్ఛగా నడపగల దూరం 200 కిలోమీటర్లు అనుకుందాం. 100లో అది రెండు గంటలు, 90లో రెండు గంటల 13 నిమిషాలు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లలో ఏదో ఒకచోట ముందున్న బండి ఫాస్టాగ్ చదవకపోతే ఆ 13 నిమిషాలు ఎటూ పోతాయి. నా సలహా 90. నాలుగు వరుసల రహదారిపై కార్లకు 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం గరిష్ఠ వేగం 100, అయితే బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే బోర్డే లెక్క.

స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు కాబట్టి కంపెనీలు కాస్త ఎక్కువ చూపేటట్టే అమరుస్తాయి. ముల్లు 95 చూపినప్పుడు జీపీఎస్ 90 చెప్పవచ్చు. మీ బండిలో తేడా ఎంతో ఒకసారి చూసి గుర్తుంచుకోండి.

7. రోడ్డు మీద చేయవలసినవి, అదే వరుసలో

మొదటి ఐదు కిలోమీటర్లు: బండిని స్టార్ట్ చేసి నిలబెట్టి వేడిచేయనక్కరలేదు. అర నిమిషం చాలు, తరవాత మెల్లగా నడుపుతూ వేడెక్కనివ్వండి. ఇంజిను వేడెక్కేదాకా 2,000 ఆర్‌పీఎం దాటించవద్దు.

వేగం అందుకోవడం: యాక్సిలరేటరును మరీ భయంభయంగా తాకుతూ మూడో గేరులో ఎక్కువసేపు ఉండటం కంటే, మధ్యస్థంగా నొక్కి, 2,000–2,200 దగ్గర గేర్లు మారుస్తూ త్వరగా ఆరో గేరుకు చేరడం మేలు. చాలా ఎస్‌యూవీలలో ఆరో గేరులో 100 దగ్గర ఇంజిను 1,800–2,000 మధ్య తిరుగుతుంది, డీజిల్ ఇంజినుకు అది హాయైన చోటు. అయితే 55లోనే ఆరో గేరు వేసి ఇంజినును మూలిగించకండి. ఆ వణుకు క్లచ్ వెనకనున్న ఫ్లైవీలును తింటుంది, మసినీ పెంచుతుంది. ఆటోమేటిక్ అయితే ఎకో మోడ్‌లో ఉంచి, పెడల్ మీద కాలిని నిలకడగా ఉంచండి.

నిలకడ: చదునైన దారిలో క్రూజ్ కంట్రోల్ మంచిది, 16వ నంబరు రహదారి మీద ఏలూరు వైపు చదునైన సాగదారిలో దానికి సాటి లేదు. ఎత్తుపల్లాలున్న చోట మాత్రం కాలే మేలు. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు క్రూజ్ కంట్రోల్ పట్టుబట్టి వేగం నిలపడానికి డీజిల్ గుమ్మరిస్తుంది. మీరైతే ఎక్కేటప్పుడు ఐదారు కిలోమీటర్ల వేగం తగ్గనిచ్చి, దిగేటప్పుడు తిరిగి రాబట్టుకోవచ్చు. వానలో క్రూజ్ వాడవద్దు.

ముందుచూపు: బ్రేకు తొక్కిన ప్రతిసారీ అంతకుముందు కాల్చిన డీజిల్‌ను వేడిగా మార్చి పారేస్తున్నారు. మీ ముందున్న బండిని కాదు, దాని ముందు నాలుగో బండిని చూడండి. డివైడరు మధ్య ఖాళీలో ట్రాక్టరు నిలిచి ఉందా, ఊరి పేరు బోర్డు వచ్చిందా, గడ్డిమోపు బండి కుడి వరుసలో పోతోందా అని అర కిలోమీటరు ముందే కనిపిస్తుంది. కనిపించగానే కాలు తీసేయండి.

కాలు తీసినా గేరులోనే ఉంచండి. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు డీజిల్ పోయడం పూర్తిగా మానేస్తాయి, చక్రాలే ఇంజినును తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిను తనంతట తాను తిరగడానికి డీజిల్ తాగుతుంది, పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పల్లంలో న్యూట్రల్ చేసే అలవాటు కార్బురేటర్ల కాలానిది.

లారీ వెనక దగ్గరగా నడిపితే గాలి తగలక మైలేజీ వస్తుందన్నది నిజమే, ప్రాణం పోతుందన్నదీ నిజమే. మూడు సెకన్ల దూరం తప్పకుండా పాటించండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండిలో మీట 2హెచ్‌లోనే (రెండు చక్రాలకే శక్తి అందే స్థానంలో) ఉందో లేదో కూడా చూసుకోండి. పిల్లలు తిప్పేసిన సందర్భాలు ఉన్నాయి.

8. ఏసీ, విరామాలు

90లో అద్దాలు దించి నడపడం కంటే ఏసీ వేయడమే మేలు. ఎండలో నిలిపిన బండి ఎక్కినప్పుడు ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, తరవాత ఏసీ వేసి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కండి. సుదీర్ఘ ప్రయాణంలో మధ్యమధ్య బయటిగాలి కొద్దిసేపు రానివ్వాలి, లేకపోతే నిద్రమత్తు వస్తుంది.

టిఫిన్‌కు ఆగినప్పుడు వెనక పడుకున్నవారి కోసం ఏసీతో ఇంజిను నడుస్తూ వదిలేస్తే గంటకు సుమారు లీటరు దాకా తాగుతుంది, అప్పుడు మైలేజీ సున్నా. టర్బో చల్లారాలని ఐదు నిమిషాలు ఇంజిను నడిపే ఆచారమూ అవసరం లేదు. ఆగే ముందు చివరి కిలోమీటరు నిదానంగా వచ్చి, నిలిపాక అర నిమిషం నుంచి నిమిషం ఉంచితే చాలు. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర గంటసేపు నిలవడం ఎవరి చేతిలోనూ లేదు. తెల్లవారకముందే టోల్ దాటేటట్టు బయలుదేరడమొక్కటే చేతిలో ఉంది.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

ఒకేసారి నాలుగు మార్పులు చేయడం: టైర్లు, ఫిల్టరు, ఆయిల్, వేగం అన్నీ ఒకే వారంలో మార్చి ఏది పనిచేసిందో తెలియక తికమకపడతారు. ప్రయాణానికి ఒక రకం మార్పు చాలు. మొదటిసారి గాలి, క్యారియర్, రెండోసారి వేగం, మూడోసారి ఫిల్టర్లు.

మైలేజీ యంత్రాలు కొనడం: ఓబీడీ సాకెట్టులో (మెకానిక్ స్కానరు తగిలించే చోట) పెట్టే చవక పరికరాన్ని ఒక మిత్రుడు కొన్నాడు. విప్పి చూస్తే చిన్న బోర్డు, వెలిగి ఆరే రెండు దీపాలు తప్ప ఏమీ లేవు. డీజిల్ గొట్టానికి కట్టే అయస్కాంతాలూ అంతే.

డీపీఎఫ్ తీయించి ఇంజిను కంప్యూటరు ప్రోగ్రామును మార్పించడం (రీమ్యాప్): వారంటీ పోతుంది, బండి బీఎస్6 ప్రమాణాలకు దూరమవుతుంది, ఊరి మీదికి మసి వదులుతుంది.

లావు టైర్లు: ఆఫ్‌రోడ్ అచ్చు టైర్లు చూడటానికి బాగుంటాయి. హైవే మీదే తిరిగేవారు వాటి బరువును, రొదను, నిరోధాన్ని రోజూ మోయాల్సి వస్తుంది. తదుపరిసారి కంపెనీ సైజులో హైవే అచ్చు వేయించండి.

10. ఇవన్నీ చేశాక కూడా రాకపోతే

మూడు రానుపోను కొలతల తరవాత కూడా మీ బండి అదే మోడలు నడిపే ఇతరుల కంటే 15 శాతానికి పైగా వెనకబడి ఉంటే వర్క్‌షాపుకు వెళ్లండి. అయితే జాబ్‌కార్డులో "మైలేజీ తక్కువ" అని మాత్రమే రాయించవద్దు. ఆ రెండు మాటలకు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి, కడిగి, తిరిగి ఇచ్చేస్తారు. ఇలా రాయించండి:

- మూడు ప్రయాణాల దూరం, లీటర్లు, వేగం, తేదీలతో.
- హైవే వేగంలో ఇంజిను ఉష్ణోగ్రత ఎంత ఉంటోంది, థర్మోస్టాట్ పరీక్షించాలి.
- డీపీఎఫ్ ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి శుభ్రపడుతోంది, మసి స్థాయి ఎంత, స్కానరులో చూసి చెప్పాలి.
- టర్బో గొట్టాలను ఒత్తిడితో పరీక్షించాలి, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజినులోకి పంపేది) తెరుచుకొని ఉండిపోయిందేమో చూడాలి.
- నాలుగు చక్రాలూ ఎత్తి చేత్తో తిప్పి బ్రేకులు, బేరింగులు పట్టడం లేదని చూపించాలి.
- ఇంజెక్టర్ల కరెక్షన్ విలువల (ఒక్కో ఇంజెక్టరు పోసే డీజిల్‌ను కంప్యూటరు ఎంత సవరిస్తోందన్న అంకెల) ప్రింటు ఇవ్వాలి. అది చూడకుండా ఇంజెక్టర్లు మార్చడానికి సంతకం చేయను.

చివరి వాక్యం కూడా జాబ్‌కార్డు మీద అలాగే రాయించి, ఒక ఫొటో తీసుకొని, అప్పుడు తాళం ఇవ్వండి.